ఉత్ప్రేరకం చర్యలో పాల్గొనదంట, మరి వేగం ఎట్లా పెంచుద్ది?

మామిడితాండ్ర
మా పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. నిన్న రాత్రి అన్నం తింటా అడిగింది, "అమ్మా, చర్యలో పాల్గొనకుండా చర్య వేగాన్ని పెంచే పదార్థం ఉత్ప్రేరకం అని నోట్స్‌లో ఉంది, పాల్గొననిది వేగం ఎట్లా పెంచుద్ది, దూరంగా కూర్చుని చూస్తే పనైపోద్దా" అని. నేను కూడా పదో తరగతిలో అదే రాశా, మార్కులు వేశారు, ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా అనుమానం రాలా. ట్యూషన్ సార్‌ని అడిగిందంట, డెఫినిషన్ అంతే, మార్చి రాస్తే మార్కులు పోతాయి అన్నాడంట. ఆ మాట విన్నాక నాకు మనసు ఒప్పలేదు. అడిగిన పిల్లకి సమాధానం దొరకాలి కదా. ఎవరికైనా తెలిస్తే వంటింట్లో చూపించగలిగేట్టు చెప్పండి.

మసాబ్‌ట్యాంక్
పెళ్ళిళ్ళ పేరయ్య లెక్క అనుకోండ్రి. పెళ్ళి ఆయనకు కాదు, కానీ ఆయన లేకుంటే రెండిండ్లు కలవవు. పని అయినంక ఇంకో ఇంటికి పోతడు.

పిప్పెట్_పంతులు
పాప అడిగింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. "పాల్గొనదు" అనేది తప్పు, "ఖర్చవదు" అనేది కరెక్టు. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది, పదహారేళ్ళుగా ఇంటర్ పిల్లలకి చెప్తున్నా, ప్రతి బ్యాచ్‌లో ఇదే పడి ఉంటుంది.

హైడ్రోజన్ పెరాక్సైడ్ తీసుకోండి. దాని మానాన దాన్ని వదిలేస్తే నీళ్ళు, ఆక్సిజన్‌గా విడిపోవడానికి నెలలు పడుతుంది, అందుకే సీసాలో నిలవుంటుంది. అందులో పొటాషియం అయొడైడ్ వేస్తే బుసబుసా పొంగుద్ది. ఏం జరిగింది అంటే, అయొడైడ్ అయాన్ పోయి ఒక పెరాక్సైడ్ అణువు దగ్గర్నుంచి ఆక్సిజన్ లాక్కుని హైపోఅయొడైట్ అవుద్ది, పెరాక్సైడ్ నీళ్ళయిపోద్ది. తర్వాత ఆ హైపోఅయొడైట్‌కి ఇంకో పెరాక్సైడ్ తగుల్తది, ఆక్సిజన్ గ్యాస్‌గా పోద్ది, హైపోఅయొడైట్ మళ్ళీ అయొడైడ్ అయిపోద్ది. పాల్గొందా లేదా? రెండుసార్లు పాల్గొంది. చివర్లో చూస్తే ఎంత వేశామో అంతే ఉన్నట్టు కనపడుద్ది కాబట్టి పాల్గొనలేదనుకుంటాం.

ఆ పాత డెఫినిషన్ ఎక్కడిదంటే, 1835లో బెర్జీలియస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త కెటాలిసిస్ (ఉత్ప్రేరణ) అనే పేరు పెట్టినప్పుడు లోపల ఏం జరుగుతుందో చూసే దారి లేదు, కొన్ని పదార్థాలు కేవలం దగ్గరున్నందుకే చర్య నడిపిస్తాయి అని రాశాడు. ఆ రోజుకి అది గొప్ప మాటే. దాన్నే ఇప్పటికీ నోట్స్‌లో మోస్తున్నాం.

గుంటూరు_గోంగూర
వంటింటి ఉదాహరణ కావాలంటే తోడు ఉంది కదా. గిన్నెడు పాలకి అర చెంచా పెరుగు. అదే ఉత్ప్రేరకం.

ఎంజైమ్_అక్క
గోంగూర గారూ, చాలామంది చెప్పేదే గానీ నేను ఒప్పుకోను. తోడులో ఉన్నవి బతికున్న బ్యాక్టీరియా. అవి పాలలో చక్కెర తిని పెరుగుతాయి, పొద్దుటికి కోట్లలో అవుతాయి, లాక్టిక్ ఆమ్లం వదులుతాయి, ఆ పులుపుకి పాలలో ప్రోటీన్ గట్టిపడుతుంది. ఉత్ప్రేరకం ఎంత వేస్తే అంతే మిగలాలి, ఇది పెరిగిపోతోంది. ఆ బ్యాక్టీరియా లోపల చక్కెరని ముక్కలు చేసేవి మాత్రం ఎంజైములే, అవే జీవుల్లో ఉండే ఉత్ప్రేరకాలు. అంటే తోడు ఫ్యాక్టరీ, ఎంజైము అందులో మెషిను.

ఈ తేడా కనిపెట్టడానికే చాలా కాలం పట్టింది. చక్కెర పులిసి సారా అవ్వాలంటే ఈస్ట్ బతికుండాల్సిందే అని చాలామంది వాదించారు. 1897లో బుక్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈస్ట్‌ని ఇసకతో నూరి, పిండి, రసం తీసి, కణం ఒక్కటి లేకుండా చక్కెర పులిసేట్టు చేశాడు. దానికి 1907లో నోబెల్ వచ్చింది. ప్రాణం లేకపోయినా పని నడిచింది.

గుంటూరు_గోంగూర
సరే తోడు వదిలేద్దాం. మరి మటన్‌కి పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తాం కదా, అందులో బతికున్నది ఏమీ లేదు.

ఎంజైమ్_అక్క
అది మంచి ఉదాహరణ. బొప్పాయి పాలలో పపైన్ ఉంటుంది, ప్రోటీన్ గొలుసుల్ని కత్తిరించే ఎంజైము. కాయ పండే కొద్దీ ఆ పాలు తగ్గిపోతాయి, అందుకే పచ్చికాయే వాడతారు.

మసాబ్‌ట్యాంక్
కచ్చి బిర్యానీకి మా ఇంట్ల అదే. ఒకసారి పొద్దున పట్టించి సాయంత్రం దాకా బయటనే పెట్టినం, ముక్క పట్టుకుంటే వేళ్ళ మధ్య పిండి లెక్క అయింది, బొక్కలు తప్ప ఏం మిగల్లే. అప్పటి సంది గంటన్నరకు మించి ఉంచం, ఆలస్యమైతదంటే ఫ్రిజ్‌ల పెడతం.

ఎంజైమ్_అక్క
చూడండి, అదే ఉత్ప్రేరకం లక్షణం. చెంచాడు ముద్దే. కానీ అది ఒక్కో గొలుసు కోసి ఖర్చయిపోదు, కోసి వదిలి ఇంకోదాని దగ్గరికి పోతుంది, ఆపకపోతే కోస్తూనే ఉంటుంది. ఫ్రిజ్‌లో నెమ్మదిస్తుంది. పపైన్ కొంచెం మొండిది, 60, 65 డిగ్రీల దగ్గర ఇంకా బాగా కోస్తుంది, కాబట్టి గిన్నె వేడెక్కే దాకా పొయ్యి మీద కూడా పని చేస్తుంది. బాగా ఉడికాక దాని ఆకారం పాడయ్యి ఆగుతుంది.

మామిడితాండ్ర
ఆకారం పాడవ్వడం అంటే?

ఎంజైమ్_అక్క
ఎంజైము కూడా ప్రోటీనే అండి. పొడుగు దారం ఒక పద్ధతిగా చుట్టుకుని ఉండలా ఉంటుంది, ఆ ఉండలో ఒక గుంట ఉంటుంది, ఆ గుంటలోనే పని. వేడికి చుట్టు విడిపోతే గుంట ఉండదు. గుడ్డు ఉడికితే తెల్లసొన మళ్ళీ నీళ్ళవదు కదా, అలాగే. 1894లో ఎమిల్ ఫిషర్ దీన్ని తాళం, తాళంచెవి అన్నాడు. 1958లో కోష్లాండ్ కొంచెం మార్చాడు, గుంట గట్టిగా ఉండే తాళం కాదు, అణువు వచ్చి కూర్చునేటప్పుడు అది కూడా సర్దుకుంటుంది అన్నాడు.

చీరలపెట్టె
ఇది చదివాక ఒకటి చెప్పాలి. మా అత్తయ్య ధర్మవరం పట్టుచీర, అక్కడక్కడ మరకలున్నాయని కొత్తగా కొన్న డిటర్జెంట్‌లో రాత్రంతా నానబెట్టా. మరక పోయింది, కానీ చీర నిగనిగ పోయింది, ఆ భాగంలో పట్టు పీచులా తయారయ్యింది. ఇప్పటికీ ఆ చీర తీస్తే కడుపులో దేవినట్టు ఉంటది. దీనికీ దానికీ సంబంధం ఉందా?

ఎంజైమ్_అక్క
ఉండే అవకాశం చాలా ఎక్కువ. ప్యాకెట్ వెనక ఎంజైమ్స్ అని రాసుంటే అందులో సాధారణంగా ప్రోటియేజ్ ఉంటుంది, రక్తం, పాలు, గుడ్డు మరకల్లో ప్రోటీన్ కోయడానికి. పట్టు కూడా ప్రోటీనే. దానికి మరకేదో చీరేదో తెలీదు. ఊలుకి కూడా అంతే. నూలు ప్రోటీన్ కాదు కాబట్టి దానికేం కాదు. పట్టుకి ఎంజైము లేని లిక్విడ్ వాడండి, నానబెట్టకండి.

చీరలపెట్టె
ప్యాకెట్ మీద పట్టుకి వద్దు అని చిన్న అక్షరాల్లో ఉందని తర్వాత చూశా. తెలుగులో పెద్దగా రాసుంటే ఆ చీర ఉండేది.

పిప్పెట్_పంతులు
మళ్ళీ పాప ప్రశ్నకి వస్తా. వేగం "ఎట్లా" పెరుగుద్ది అనేది ఇంకా చెప్పలేదు. అణువులు చర్య జరపాలంటే ముందు పాత బంధాలు వదులవ్వాలి, దానికి కొంత శక్తి కావాలి, అది మధ్యలో ఉన్న గట్టు. పెరాక్సైడ్‌కి ఆ గట్టు మోల్‌కి సుమారు 75 కిలోజౌల్స్. మామూలు గది వేడిలో అంత శక్తి ఉన్న అణువులు అతి కొద్ది. ఉత్ప్రేరకం వచ్చి ఆ గట్టుని తవ్వదు, ఇంకో దారి చూపిస్తుంది, ఆ దారిలో రెండు మూడు చిన్న గట్లు ఉంటాయి, చాలా అణువులు ఎక్కేయగలవు. ఇక్కడ పిల్లలకి నచ్చే లెక్క ఒకటుంది: 25 డిగ్రీల దగ్గర గట్టు ఎత్తు 5.7 కిలోజౌల్స్ తగ్గితే వేగం పది రెట్లు. ఇంకో 5.7 తగ్గితే వంద రెట్లు. కొంచెం తగ్గినా వేగం అంతలా పెరిగేది అందుకే.

ఎంజైమ్_అక్క
పంతులు గారి లెక్కకి నాకు బాగా ఇష్టమైనది ఒకటి కలుపుతా. మన డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలకి కావలసిన ముక్కలు తయారు చేసే దారిలో ఒక మెట్టు ఉంది, ఒరోటిడిలేట్ అనే దాన్నుంచి కార్బన్ డయాక్సైడ్ ఊడగొట్టడం. అలాంటి అణువుల్ని ఎంజైము లేకుండా నీళ్ళలో వదిలేస్తే సగం మారడానికి 7.8 కోట్ల ఏళ్ళు పడుతుందని 1995లో లెక్క కట్టారు. ఎంజైము దొరికితే సెకనులో యాభయ్యో వంతు. మొదటిసారి చదివినప్పుడు ఆ పేజీ మూసి కాసేపు బయటికి పోయి నిలబడ్డా. మన ఒంట్లో కణాల్లో ఇప్పుడు అది జరుగుతోంది.

పొలంగట్టు
ఇంత చదివాక నాకు యూరియా గురించి డౌటు. చల్లి నీళ్ళు పెట్టకుండా వదిలితే రెండు రోజులకి ఘాటు వాసన కొడతది, మందు గాల్లో కలిసిపోయింది అంటారు పెద్దోళ్ళు. గోనెలో ఉన్నన్నాళ్ళు ఏమీ కాని యూరియా మట్టి తగలగానే ఎందుకట్లా అవుద్ది?

ఎంజైమ్_అక్క
యూరియేజ్ అనే ఎంజైము వల్ల. మట్టిలో సూక్ష్మజీవుల దగ్గర ఉంటుంది, అవి చచ్చాక కూడా మట్టి రేణువులకి అంటుకుని ఉంటుంది. యూరియాని అమోనియాగా విడగొడుతుంది. పశువుల కొట్టంలో వాసన కూడా ఇదే. పైపైన చల్లితే పుట్టిన అమోనియా గాల్లోకి పోతుంది, నీళ్ళతో లోపలికి దిగితే మట్టి పట్టుకుంటుంది. మొదటిసారి స్వచ్ఛంగా, స్ఫటికంగా తీసిన ఎంజైము కూడా ఇదే, 1926లో సమ్నర్ జాక్ బీన్ అనే చిక్కుడు జాతి గింజల నుంచి తీశాడు. ఎంజైములు ప్రోటీన్లే అని అప్పుడు చెప్తే పెద్దపెద్ద వాళ్ళు నమ్మలేదు, 1946లో నోబెల్ ఇచ్చారు.

పొలంగట్టు
అయితే వేప పూత యూరియా ఆ యూరియేజ్‌ని ఆపడానికేనా?

ఎంజైమ్_అక్క
వేప పూత ముఖ్యంగా దాని తర్వాత మెట్టుని నెమ్మదింపజేస్తుంది. అమోనియాని నైట్రేట్ చేసే బ్యాక్టీరియా ఉంటాయి, వాటి పని తగ్గుతుంది, నైట్రేట్ కాకుండా ఉంటే నీళ్ళతో కొట్టుకుపోదు. వాసనగా పోయేది ఆపాలంటే మీ పెద్దోళ్ళు చెప్పినట్టు నీళ్ళు పెట్టడమో మట్టిలో కలపడమో చెయ్యాలి.

అమోనియా_తాత
ఈ యూరియా పుట్టే చోట ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశా, రాయకుండా ఉండలేకపోతున్నా. యూరియాకి ముందు అమోనియా కావాలి, అమోనియాకి గాల్లో నైట్రోజన్ కావాలి. గాల్లో ఐదింట నాలుగొంతులు అదే, కానీ రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య మూడు బంధాలు, తెంచాలంటే మోల్‌కి 945 కిలోజౌల్స్. అంత గట్టిది. హేబర్, బాష్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు దాన్ని ఇనుముతో సాధించారు, 1913లో జర్మనీలో ఓపావ్‌లో మొదటి ఫ్యాక్టరీ. మామూలు ఇనుము కాదు, కొంచెం అల్యూమినా, పొటాష్ కలిపినది, మిట్టాష్ అనే ఆయన టీము వేల రకాలు పరీక్ష చేసి తేల్చారు. నైట్రోజన్ వచ్చి ఆ ఇనుము మీద అతుక్కుంటుంది, అక్కడే రెండు ముక్కలవుతుంది, పక్కనే అతుక్కున్న హైడ్రోజన్లు ఒక్కొక్కటీ వచ్చి చేరతాయి, అమోనియా అయ్యి లేచిపోతుంది, చోటు ఖాళీ. ఇది మెట్టుమెట్టుగా చూపించినందుకు గెర్హార్డ్ ఎర్టల్‌కి 2007లో నోబెల్ ఇచ్చారు. కాబట్టి పాపకి చెప్పండమ్మా, పాల్గొనకపోవడం అనేదే లేదు.

కొత్త కెటలిస్టు (ఉత్ప్రేరకం) వేసినప్పుడు అది ఐరన్ ఆక్సైడ్‌గా ఉంటుంది, హైడ్రోజన్ పంపిస్తూ రోజుల తరబడి నెమ్మదిగా ఇనుముగా మార్చాలి, ఆ రోజుల్లో ఎవరికీ సరిగ్గా నిద్ర ఉండేది కాదు. ఒకసారి సిద్ధమైతే పదేళ్ళు పైన పనిచేస్తుంది. గ్యాస్‌లో గంధకం గానీ కార్బన్ మోనాక్సైడ్ గానీ కొంచెం ఎక్కువైతే మాత్రం ఆ చోట్లు పట్టేసుకుంటాయి, గంధకమైతే ఇక వదలదు, పని పడిపోతుంది.

ఆటోక్లేవ్_అన్న
తాతగారు చెప్పిన గంధకం విషం మాకూ తెలుసు. బల్క్ డ్రగ్స్‌లో హైడ్రోజనేషన్ (హైడ్రోజన్ కలిపే) సెక్షన్, పల్లాడియం కార్బన్ అనే కెటలిస్టు వాడతాం. ఒకసారి ఒక బ్యాచ్ హైడ్రోజన్ తీసుకోవడం మొదలెట్టి మధ్యలో ఆగిపోయింది, ప్రెషర్ కదల్లేదు, రాత్రంతా చూశాం. ముందు స్టేజీ నుంచి వచ్చిన మెటీరియల్‌లో గంధకం ఉన్న మలినం కొంచెం మిగిలింది. కిలోల మెటీరియల్ బానే ఉంది, గ్రాముల్లో ఉన్న కెటలిస్టు చచ్చిపోయింది. ఆ రోజు నుంచి ముందే చెక్ చేయకుండా మెటీరియల్ రియాక్టర్‌లో వేయనివ్వను.

ఇంకో మాట, కొత్తగా ఈ లైన్‌లోకి వచ్చే పిల్లలు చదువుతుంటే, ఫిల్టర్ మీద వాడిన పల్లాడియం కార్బన్‌ని గానీ రేనీ నికెల్ అనే ఇంకో కెటలిస్టుని గానీ ఆరనివ్వకండి. హైడ్రోజన్ పట్టుకుని ఉంటుంది, ఆరితే గాలికే అంటుకుంటుంది, పక్కనే మెథనాల్ ఉంటుంది. ఎప్పుడూ నీళ్ళతో తడిగా ఉంచండి. ఖర్చవదు అంటే ప్రమాదం లేదని కాదు.

మసాబ్‌ట్యాంక్
తాతా, ఒకటి అడుగుత. కెటలిస్టు ఎక్కువ ఏస్తే అమోనియా ఎక్కువ వస్తదా?

అమోనియా_తాత
తొందరగా వస్తుంది బాబూ, ఎక్కువ రాదు. ఎంత అమోనియా దగ్గర ఆగాలో వేడి, ప్రెషర్ నిర్ణయిస్తాయి. ఉత్ప్రేరకం ముందుకి ఎంత వేగం ఇస్తుందో వెనక్కీ అంతే ఇస్తుంది. చల్లగా ఉంటే అమోనియా ఎక్కువ నిలుస్తుంది కానీ చర్య కదలదు, వేడి పెంచితే కదులుతుంది కానీ తిరిగి విడిపోతుంది. ఇనుము ఉండబట్టి 400, 500 డిగ్రీల దగ్గర నడపగలుగుతున్నాం.

మసాబ్‌ట్యాంక్
అంటే మా పేరయ్య పెళ్ళిళ్ళు ఎంత జల్ది చేస్తడో విడాకులు గూడ అంతే జల్ది చేస్తడన్నట్టు 😄

పిప్పెట్_పంతులు
రేపు క్లాసులో ఇదే చెప్తా.

పొలంగట్టు
తాతగారూ, మీకు 500 డిగ్రీలు కావాలి, మరి మా జీలుగ, జనుము వేర్ల బుడిపెల్లో ఏ బాయిలర్ ఉంది? అదీ గాల్లో నైట్రోజనే కదా తీసుకునేది.

అమోనియా_తాత
సర్వీసంతా నన్ను వదలని ప్రశ్న ఇదే. మా రియాక్టర్ గోడలు మూరెడు మందం, మీ బుడిపె మెత్తగా వేలితో నలిగిపోతుంది.

ఎంజైమ్_అక్క
ఆ బుడిపెల్లో బ్యాక్టీరియా ఉంటుంది, దాని దగ్గర నైట్రోజనేజ్ ఉంటుంది. ఇనుము, మాలిబ్డినం ఉన్న ఎంజైము. మామూలు వేడి, మామూలు ప్రెషర్‌లోనే ఆ మూడు బంధాలు తెంచుతుంది. కానీ ఉచితంగా కాదు, ఒక్క నైట్రోజన్ అణువుకి 16 ఏటీపీలు (కణంలో శక్తిని మోసే అణువులు) ఖర్చు, ఆ శక్తి మొక్క చక్కెర రూపంలో ఇస్తుంది. ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది కాబట్టి మొక్క అక్కడ ఒక ఎర్రటి ప్రోటీన్ పెడుతుంది, మన రక్తంలో హిమోగ్లోబిన్‌కి చుట్టం.

పొలంగట్టు
బుడిపె గోకి చూస్తే లోపల గులాబీ రంగుంటే బాగా పనిచేస్తన్నట్టు అని మా ఊళ్ళో చెప్తారు. అది ఇదేనన్నమాట. ఇన్నేళ్ళు చూశాను, ఎందుకో ఇప్పుడు తెలిసింది.

భీమవరం_బుల్లోడు
ఏటీపీ అన్నారు, మా ఊరాయన పేరు చెప్పకుండా పోతే ఎలా. యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో భీమవరంలో పుట్టారు. హార్వర్డ్‌లో ఫిస్కే అనే ఆయనతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి 1925లో పెట్టారు, దాంతోనే ఫాస్ఫోక్రియాటిన్, తర్వాత ఏటీపీ కనుక్కున్నారు.

ఎంజైమ్_అక్క
ఆ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి నేను పీహెచ్‌డీలో ఎన్ని వందలసార్లు చేశానో. ఏటీపీ విరిస్తే ఫాస్ఫేట్ వస్తుంది, మాలిబ్డేట్‌తో నీలం రంగు వస్తుంది, రంగు ఎంత ముదిరితే ఎంజైము అంత పనిచేసినట్టు. పరాయి దేశం ల్యాబ్‌లో గోడ మీద ప్రోటోకాల్‌లో ఆ పేరు చూసినప్పుడల్లా గుండె నిండేది.

ఆయన పని ఇంకోవైపు కూడా ఉంది. ఎంజైముని ఆపడం. లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన నడిపిన టీము ఫోలిక్ ఆమ్లంలాగే కనపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ తయారు చేసింది. కణం విభజనకి డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము కావాలి, ఇందాక చెప్పిన గుంట ఉంది చూడండి, ఈ మందు పోయి ఆ గుంటలో కూర్చుని లేవదు. తాతగారి ఇనుముకి గంధకం ఎలాగో అలా. 1948లో బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టర్ అమినోప్టెరిన్ ఇచ్చి పిల్లల్లో బ్లడ్ క్యాన్సర్ కొంతకాలమైనా వెనక్కి తగ్గేట్టు చేశాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు.

చీరలపెట్టె
మా అమ్మకి కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ ఇస్తున్నారు! వారానికి ఒక్కసారే, పొరపాటున కూడా రోజూ వేసుకోవద్దని డాక్టర్ మూడుసార్లు చెప్పారు. అది మన తెలుగాయన చేతిమీదుగా వచ్చిందని ఇవాళ అమ్మకి చెప్తా.

మామిడితాండ్ర
అందరికీ చాలా థ్యాంక్స్, ఇంతమంది ఇంత ఓపిగ్గా చెప్తారనుకోలేదు. నిన్న మొత్తం పాపకి చదివి వినిపించా. ఇవాళ పొద్దున మెడికల్ షాపు నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చి రెండు గాజు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో పచ్చి బంగాళాదుంప ముక్క, ఒకదాంట్లో ఉడికించిన ముక్క వేశాం. పచ్చిదాంట్లో నురగ వచ్చింది, ఉడికిందాంట్లో ఏమీ లేదు. అగరబత్తి ఆర్పి నిప్పు కణిక నురగ దగ్గర పెడితే భగ్గున వెలిగింది. పాప గంతులేసింది. తర్వాత అదే ముక్క తీసి కడిగి కొత్త పెరాక్సైడ్‌లో వేస్తే మళ్ళీ నురగ! ఖర్చవలేదు అని అరిచింది. కానీ నాలుగోసారికి బాగా తగ్గిపోయింది. ఖర్చవకపోతే ఎందుకు తగ్గింది అని అడుగుతోంది ఇప్పుడు.

ఎంజైమ్_అక్క
పాపకి ముద్దులు. రెండు కారణాలు. కోసిన చోట ఉన్న కెటలేజ్ (పెరాక్సైడ్‌ని విడగొట్టే ఎంజైము) కొంత కడిగినప్పుడు పోతుంది. ఇంకోటి, పెరాక్సైడ్ చాలా ఎక్కువగా ఉంటే పని చేస్తూ చేస్తూ ఆ ఎంజైమే దెబ్బతింటుంది. ఖర్చవదు నిజమే, అరుగుతుంది. ఆ ముక్కని మధ్యకి కోసి కొత్త ముఖం వేసి చూడమనండి.

మామిడితాండ్ర
కోసి వేసింది. పొంగుతోంది.